బెంగాలీ క్యాంపులో మతిమరుపు పరీక్ష

తప్పు క్యాంపు

మొదటి రోజే నేను తప్పు క్యాంపులో దిగాను.

కర్ణాటకలోని సింధనూరు తాలూకాలో క్యాంపు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించుకునే రైతుల ఊళ్ళను క్యాంపులంటారు. తూర్పు బెంగాల్‌లో అన్నీ వదులుకొని కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు సర్కారు కొంచెం భూమి, గూడు ఇచ్చి కూర్చోబెట్టిన ఊళ్ళనూ క్యాంపులనే అంటారు. రాయచూరులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ తేడా నాకు తెలిసుండాలి. తెలియలేదు. కండక్టర్ "క్యాంప్, క్యాంప్" అని అరిచాడు. నేను సంచీ పట్టుకొని దిగిపోయాను.

అప్పటికి రాయచూరులో నర్సుగా చాలా ఏళ్ళు చేశాను. మా ఆయన శక్తినగర్ కరెంటు ప్లాంటులో టర్బైన్ సెక్షన్. క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. శరణార్థుల క్యాంపుల్లో పెద్దవాళ్ళకు ముసలితనంలో మతి చెడకుండా, కాళ్ళూ చేతులూ ఆడుతూ ఉండేటట్లు చూసే పని ఒకటి ఉందని ఒక చిన్న సంస్థవాళ్ళు పిలిస్తే ఒప్పుకున్నాను. వారంలో నాలుగు రోజులు సింధనూరులో ఒక గది, మిగతా మూడు రోజులు ఇల్లు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, ఏం చెయ్యాలి మేడమ్ అని. ఏం చెయ్యకూడదో నాకు బాగా తెలుసు. అన్నీ చేశాను కాబట్టి.

ఆ రోజు బస్సు దిగగానే అరుగు మీద పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కనిపించాడు. బెంగాలీవాళ్ళకు హిందీ అర్థమవుతుందని విని, రాత్రంతా వల్లె వేసుకొచ్చిన హిందీలో ఆయనకు దండం పెట్టి, మీరు శరణార్థులు కదా, మీకు మతిమరుపు రాకుండా చూడటానికి వచ్చాను అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, లోపలికి కేక వేశాడు.

"ఏవే, ఎవరో వచ్చారు చూడు. మనం శరణార్థులంట!"

అచ్చమైన గోదావరి తెలుగు. నా నోట్లో హిందీ ఆగిపోయింది.

"అయ్యో, మీరు తెలుగోళ్ళా? నేను గూడ తెలుగే అన్నా. మతిమరుపు క్యాంపుకని వస్తి."

"మతిమరుపు క్యాంపా?" అన్నాడాయన. "అలాంటి ఊరు ఇక్కడ లేదమ్మా. బెంగాలీ క్యాంపయితే కాలవ అవతల. ఇది ఆంధ్రా క్యాంపు. మేం పొలాలు కొనుక్కుని వచ్చాం, పారిపోయి రాలేదు."

ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. నేను గ్లాసు ఖాళీ చేసేలోపల "మతిమరుపుకి సూది వేత్తారంట" అన్న మాట వీధి చివరిదాకా పోయింది. ఐదారుగురు ముసలమ్మలు చీర కొంగులు పైకి జరుపుకొని, జబ్బలు చూపిస్తూ వరసలో నిలబడ్డారు. సూది లేదని చెబితే ఒకావిడ కోపగించుకుంది. "లేకపోతే మరెందుకొచ్చావ్? మర్చిపోయొచ్చావా?"

మనం ఎక్కడున్నామో మనకు తెలియనప్పుడు, మీరెక్కడున్నారో చెప్పండి అని ఎదుటివాళ్ళను అడగకూడదు. ఇది మొదటి పాఠం. రెండో రోజుకే దాన్ని మరిచిపోయాను.

ఊరంతా ఒకే రోగం

మా పై అధికారి డాక్టర్ పాటిల్ గారు. కన్నడం ఆయన. మనిషి మంచివాడు, మాట మెత్తన, కాగితం మీద భక్తి ఎక్కువ. అచ్చువేసిన కాగితం చేతిలో ఉంటే ఆయన కళ్ళకు మనుషులు ఆనరు. ముసలివాళ్ళను ఎవరిని చూసినా "రోజూ బాదంపప్పు తినండి" అనేవాడు. తినేది ఎవరు, తెచ్చేది ఎవరు, నమిలే పళ్ళు ఎవరికున్నాయి అని నేను అడగలేదు. కొత్త కదా.

ఆయన నా చేతిలో ఒక ప్రశ్నల కాగితం పెట్టాడు. జ్ఞాపకశక్తి పరీక్ష. ఈరోజు తేదీ ఎంత? ఇది ఏ కాలం? మీది ఏ జిల్లా? మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకొని తర్వాత చెప్పండి. వందలోంచి ఏడు తీసేస్తూ పోండి. తప్పులు ఎక్కువైతే కార్డు మీద ఎర్ర పెన్నుతో "మతిమరుపు అనుమానం" అని రాసి ఇంట్లోవాళ్ళకు ఇవ్వాలి.

బెంగాలీ క్యాంపులో బడి వసారాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. తోడు ఎవరినీ పెట్టుకోలేదు. మా రాయచూరు గల్లీల్లో నేర్చుకున్న దక్కనీ ఉర్దూ ఉన్నది కదా అని ధైర్యం.

మొదట వచ్చినాయన హరిపద మండల్. డెబ్బై దాటినవాడు. క్యాంపు చేపల చెరువు ఆయన చేతిలో ఉండేది. పిల్లలు ఎప్పుడు వదలాలి, వల ఎప్పుడు వెయ్యాలి, అన్నీ ఆయన చెప్పాల్సిందే. అందరూ దాదూ అని పిలిచేవాళ్ళు, అంటే తాత.

"తేదీ ఎంత దాదూ?"

"నాలుగు."

నా కాగితం ప్రకారం జులై నెల సగం దాటిపోయింది. తప్పు.

"ఏ సంవత్సరం?"

"పధ్నాలుగు వందల..." అని మొదలుపెట్టాడు. నేను మిగతాది వినలేదు. పాపం, ఆరు వందల ఏళ్ళ వెనక తిరుగుతున్నాడు అనుకొని ఎర్ర పెన్ను తీశాను.

"ఇది ఏ కాలం?"

"వానాకాలం."

నేను తల ఎత్తి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ బండలు పగలగొడుతోంది. తప్పు.

"మీది ఏ జిల్లా?"

"ఖుల్నా."

తప్పు. వందలోంచి ఏడు తియ్యమంటే, "ఏ వంద? వంద చేపలా? ఏడు ఎవరికి ఇచ్చావు?" అని నన్నే నిలదీశాడు. కాగితంలో దానికి గడి లేదు. తప్పు అనే రాశాను.

తర్వాత వచ్చినామె కానన్‌బాల. చింతగింజ రంగు, చిన్న మనిషి, పెద్ద నోరు. ఆమెకు నేను చెప్పిన మూడు మాటలు రొట్టె, గొడ్డలి, మామిడి. కాసేపాగి, ఏం చెప్పాను అని అడిగితే, "మేము అన్నం తింటాం. రొట్టె వద్దు. గొడ్డలి ఎందుకు తెస్తావు? మామిడిపండు ఇచ్చిపో" అంది. ఎర్ర గీత.

సాయంత్రమయ్యేసరికి వసారాలోకి వచ్చినవాళ్ళలో ఇద్దరు తప్ప అందరికీ మతిమరుపు అనుమానం. ఆ ఇద్దరిలో ఒకడు కర్రలు కొనడానికి వచ్చిన కన్నడం ఆయన.

పాటిల్ గారు కార్డుల కట్ట చూసి కుర్చీలోంచి లేచాడు. "సిస్టర్, ఊరు ఊరంతా! ఇది మామూలు సంగతి కాదు. నీళ్ళలో ఏదో ఉంది. బెంగళూరు మీటింగులో నేను దీని మీద మాట్లాడతాను" అన్నాడు. నేను కూడా గర్వంగా తల ఊపాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా కూర్చొని నవ్వుకుంటాను, కొంచెం సిగ్గుపడతాను కూడా.

సంధ్య తెలుగు

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు వేరే క్యాంపుల్లో తిరిగాను. మళ్ళీ ఈ క్యాంపుకు వచ్చేసరికి, చెరువు దారిలో మోకాళ్ళదాకా బురదతో ఒక నడివయసు ఆడమనిషి నాకు అడ్డంగా నిలబడింది.

"మా మావగారికి పిచ్చని రాసింది మీరేనాండీ?"

ఆ తెలుగు విని నేను అటూ ఇటూ చూశాను, మళ్ళీ తప్పు క్యాంపులో దిగానేమోనని.

"నీకు తెలుగు ఎట్ల వస్తది?"

"ఎట్లేంటండీ? పదేళ్ళ నుంచీ ఆంధ్రా క్యాంపు చేలల్లో ఊడుపులకి ఎల్తన్నాను. మీరేం మాట్టాడతన్నారండీ, కన్నడమా?"

"తెలుగే! మాది రాయచూరు. మేము గిట్లనే మాట్లాడుతం."

"ఆయ్, అలాగాండీ," అంది జాలిగా. "పర్లేదులెండి, అర్థమవుతోంది."

నా మాతృభాషలో నాకు పాస్ మార్కులు వేసిన ఆ బెంగాలీ మనిషి పేరు సంధ్య. హరిపద దాదూ కోడలు. ఆమె నన్ను తిన్నగా ఇంట్లోకి తీసుకుపోయి గోడకు వేలాడుతున్న బెంగాలీ పంచాంగం చూపించింది.

"మీరొచ్చిన రోజు ఇదిగోనండీ. శ్రాబణం నాలుగు. సంవత్సరం పధ్నాలుగు వందల చిల్లర. మావగారు తప్పేం చెప్పారండీ?"

"మరి వానాకాలం అనె గద? ఎండ కొడుతుండె."

"ఆషాఢం, శ్రాబణం వానాకాలం. వాన పడకపోతే అది వాన తప్పండీ, మావగారి తప్పా?"

"జిల్లా?"

"మీది ఏ జిల్లా అంటే పుట్టింది చెప్పరా? ఇప్పుడు ఎక్కడున్నావు అని అడిగారా మీరు?"

అడగలేదు. ఒక్కొక్క కార్డూ కళ్ళ ముందు తిరిగింది. ఊరంతటికీ రోగం అంటగట్టి, పక్క క్యాంపుల్లో కూడా అదే పెన్నుతో తిరిగి వచ్చాను.

తప్పు దిద్దుకుంటే సరిపోతుందనుకొని, దాదూ ఎక్కడ అని అడిగాను. సంధ్య వేలు చూపించింది. వసారాలో మంచం మీద ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిస్తే తల తిప్పి, "అన్నం వండారా?" అన్నాడు. అప్పుడే తిన్నాడట.

కార్డు ఇంటికి వచ్చిన రోజే ఆయన కొడుకు గోపాల్ వల తీసి అటకెక్కించాడు. చెరువు వైపు పోవద్దని చెప్పాడు. గోపాల్ చెడ్డవాడు కాదు. "పెద్ద డాక్టర్ రాసిచ్చాడు కదా దీదీ. మతి లేని మనిషి నీళ్ళలో పడితే నేనేం చెయ్యాలి?" అన్నాడు. బాబూ, పరీక్ష తప్పు, మీ నాన్న మంచిగానే ఉన్నాడు అన్నాను. అతను మంచం వైపు చూపించి, "ఇది మంచిగా ఉండటమా?" అన్నాడు.

ఎర్ర పెన్నుతో రాసినప్పుడు అది అబద్ధం. నెల తిరిగేసరికి నిజమయ్యేటట్లుంది.

టర్బైన్ మాట

ఆ వారం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చొని ఊరికే చేత్తో కెలుకుతున్నాను. మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్లాంటులో హోరు మధ్య పని చేసి, ఇంట్లో కూడా సైగలతోనే కాలం గడిపేవాడు. ఆ రోజు మాత్రం, "ఏందైంది?" అన్నాడు. చెప్పాను.

"ఎంత పెద్ద తప్పు చేసిండ్రే మీరు," అన్నాడు. "టర్బైన్‌ను ఆపినాక గూడ ఊకె ఉంచం తెలుసా? మెల్లగ తిప్పుతనే ఉంటం. వేడి మీదున్న షాఫ్టు ఒక్క తీరుగ నిలబడిపోతే వంగుతది. వంగిందంటే మల్ల తిప్పుడు కష్టం. మీరు ఆ ముసలాయన్ని ఉన్నఫళంగ ఆపేసిండ్రు. వంగకుండ ఏముంటడు?"

"ఇప్పుడేం చెయ్యాలె మరి?"

"నన్నడుగుతవేంది? నేను మిషన్లోణ్ణి. మెల్లగ తిప్పుండ్రి." మళ్ళీ అన్నంలో పడ్డాడు.

ముసలితనం గురించి ఆ తర్వాత చాలా ఉపన్యాసాలు విన్నాను. ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ వినలేదు.

పాటిల్ గారి పరీక్ష

సోమవారం పాటిల్ గారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. బెంగళూరు ఉపన్యాసం అప్పటికే సగం రాసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. కొంతసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

"ఆ కర్రల వ్యాపారే తెలివైనవాడన్నమాట" అని కళ్ళు తుడుచుకున్నాడు. పై అధికారుల్లో తప్పు చెయ్యనివాళ్ళను నేను చూడలేదు. తన తప్పుకు తనే నవ్వగలిగినవాళ్ళను చాలా తక్కువమందిని చూశాను. పాటిల్ గారి దగ్గర అంతకాలం పని చెయ్యడానికి కారణం ఆ ఒక్క నవ్వు.

గోపాల్‌కు కాగితం మీద నమ్మకం కుదిరింది కాబట్టి, ఆ కాగితం మర్యాద అందరి ముందే తియ్యాలని మేము అనుకున్నాం. ఉపాయం సంధ్యది. "మావగారే డాక్టరుగారికి పరీక్ష పెడితే ఏవండీ?" అంది.

దాదూను మంచం మీద నుంచి లేపడానికి సంధ్యకు రెండు రోజులు పట్టిందట. మంగలిని పిలిపించింది. ఉతికిన పంచె కట్టించింది. బడి వసారాలో ఈసారి కుర్చీ దాదూకు, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల పాటిల్ గారికి. క్యాంపు అంతా చుట్టూ చేరింది. సంధ్య మధ్యలో నిలబడి బెంగాలీని తెలుగు చేస్తే, నేను ఆ తెలుగును పాటిల్ గారికి కన్నడం చేశాను.

దాదూ చేతిలో ఖాళీ కార్డు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇది కూడా చెడిపోయిందనే అనుకున్నాను. కానన్‌బాల వెనక నుంచి ఏదో గట్టిగా అరిచింది. ఏమందని అడిగితే, "దొరికినప్పుడే అడుగు, డాక్టర్లు మళ్ళీ దొరకరు అంటందండీ" అంది సంధ్య.

దాదూ గొంతు సవరించుకున్నాడు.

"తేదీ ఎంత?"

"ఆగస్టు ఇరవై" అన్నాడు పాటిల్ గారు.

"తప్పు. భాద్రం మూడు." కార్డు మీద గీత గీశాడు. "మూడు మాటలు చెప్తాను. గుర్తుపెట్టుకో. రుయి, కాత్లా, మృగేల్." మూడూ చేపల పేర్లు.

"సరే."

"ఇది ఏ కాలం?"

బయట చినుకులు పడుతున్నాయి. పాటిల్ గారు చెయ్యి చాపి తడి చూసుకొని మరీ, "వానాకాలం" అన్నాడు.

"తప్పు! వానాకాలం శ్రాబణంతో అయిపోయింది. ఇది శరత్తు."

జనం గొల్లుమన్నారు. దాదూ నవ్వలేదు. డాక్టర్లు నవ్వరని ఆయనకు తెలుసు.

"వల విసిరేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలి?"

పాటిల్ గారు లేచి నిలబడి, లేని వలను విసిరి చూసుకున్నాడు. కుడికాలు పెట్టాడు, మార్చి ఎడమకాలు పెట్టాడు, తడబడి బల్ల మీద కూలబడ్డాడు.

"చేపల పేర్లు చెప్పు."

"రుయి... కాత్లా..." పాటిల్ గారికి చెమటలు పట్టాయి. "రుయి."

"రెండు రుయిలు!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు.

దాదూ కార్డు పూర్తిచేసి, దాన్ని దూరంగా పట్టుకొని చదివాడు. సంధ్య నవ్వు ఆపుకుంటూ తెలుగు చేసింది. "మతిమరుపు అనుమానం ఉందంటండీ. డాక్టరుగారిని ఒంటరిగా చెరువు దగ్గరికి పంపొద్దంటన్నారు. రోజూ బాదంపప్పు పెట్టాలంట."

గోపాల్ స్తంభానికి ఆనుకొని నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ మొహం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత ఇంటికి పోయి, అటక మీది వల భుజాన వేసుకొచ్చి తండ్రి ఒళ్ళో పెట్టాడు. దాదూ దాన్ని విప్పి చూసి, ఎలుకలు కొరికిన చోట వేలు పెట్టి కొడుకును తిట్టడం మొదలుపెట్టాడు. సంధ్య ఆ తిట్లను తెలుగు చెయ్యలేదు.

పాటిల్ గారు ఆ కార్డును తన గదిలో గోడకు అంటించుకున్నాడు. బెంగళూరులో వేరే విషయం మాట్లాడి వచ్చాడు.

చెవులు, కళ్ళు, కానన్‌బాల

ఆ తర్వాత పరీక్ష కాగితాన్ని మేము సంధ్య ముందు పెట్టి మళ్ళీ రాశాం. అది ఎట్లా రాశామో చెప్పి విసిగించను. కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంతే. ముసలివాళ్ళు మతి పోయినట్లు కనిపిస్తే ముందు చెవులు చూడండి. ఆ క్యాంపులో "ఏం చెప్పినా మరిచిపోతాడు" అని పేరుబడ్డ ఒకాయన చెవిలోంచి మేము తీసిన గుబిలి, గచ్చకాయంత ఉంది. అది పోయాక ఆయన మొదట విన్న మాట భార్య తిట్టు. "ఇన్నేళ్ళూ ఇదే అంటున్నావా?" అని అడిగి, మళ్ళీ పెట్టెయ్యమన్నాడు.

కళ్ళు చూడండి. బీపీ, షుగరు చూడండి. ఎండుచేప అంటే వాళ్ళకు ప్రాణం. అందులో ఉప్పు ఎంతో చెప్పండి గానీ తినొద్దని మాత్రం అనకండి. నేను ఒకసారి అన్నాను. ఆ రోజు నాకు ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఇంకొక తప్పు నవ్వుతూ చెప్పలేను. పాత సంగతులు మాట్లాడిస్తే జ్ఞాపకశక్తికి మంచిదని ఎక్కడో విన్నాను. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, మీ పాత ఊరు, పాత ఇల్లు, వచ్చిన దారి గుర్తు తెచ్చుకొని చెప్పండి అన్నాను. కానన్‌బాల లేచి నిలబడింది.

"మరిచిపోవడానికి ఇన్నేళ్ళు కష్టపడ్డాను. ఇప్పుడు నువ్వొచ్చి, మరిచిపోతే రోగం అంటావా?"

సంధ్య ఆ మాటను నేల చూస్తూ తెలుగు చేసింది. కానన్‌బాల వెళ్ళిపోయి బాతులకు నూకలు చల్లుకుంటూ నిలబడింది. నేను పోయి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఆమే ఒక గుప్పెడు నూకలు నా చేతిలో పోసింది. క్షమించిందో, పని చెప్పిందో నాకు తెలియలేదు. చల్లాను.

శరణార్థుల దగ్గర పనిచేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే వినండి, మీరై తవ్వకండి. ఆ తర్వాత నేను వంటలు అడిగాను, చేపల పేర్లు అడిగాను, పాటలు అడిగాను. వాటిలోంచి వచ్చేవి వాటంతటవే వచ్చాయి.

నడక

రోజూ నడవండి అని చెప్పడం సులువు. "ఎక్కడికి?" అన్నాడు దాదూ.

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికే నడిచేవాడికి నువ్వు పరీక్ష పెట్టాలి" అన్నాడు.

నిజమే. కాబట్టి కాలువ వంతెన దగ్గరి టీ హోటలుదాకా నడిచి, టీ తాగి వెనక్కి రావాలని నియమం పెట్టుకున్నాం. సాయంత్రం ఎండ తగ్గగానే పదీ పన్నెండుమంది బయలుదేరేవాళ్ళు. ముందు కర్ర పట్టుకొని దాదూ, వెనక కానన్‌బాల, ఆమె వెనక మిగతావాళ్ళు, వాళ్ళ వెనక కానన్‌బాల బాతులు. బాతులను రావద్దంటే వినేవి కావు. లారీలు ఆగేవి. టీ హోటల్లో రెండు బెంచీలు వాళ్ళకని వదిలేసేవాళ్ళు. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో గట్టిగా నిలబడింది ఆ నడకే. అందులో నేను చేసింది టీ గురించి ఆలోచించడం ఒక్కటే.

ఇట్లా ఆరేడేళ్ళు గడిచాయి. ఒక రోజు సంధ్య నా గదికి వచ్చింది. మా మధ్య అప్పటికి తెలుగు ఒకటైపోయింది. నేను అప్పుడప్పుడు "అండీ" అనేదాన్ని, ఆమె "గట్లనా" అనేది.

"దీదీ, ఈసారి నిజమేనండీ" అంది.

దాదూ చెరువు గట్టు మీద నిలబడి, వల ఎందుకు తెచ్చాడో తెలియక వెనక్కి వచ్చాడట. మనవడిని గోపాల్ అని పిలుస్తున్నాడట. పాటిల్ గారు వచ్చి, ఈసారి ఎర్ర పెన్ను లేకుండా, రెండు గంటలు పక్కన కూర్చొని చూశాడు. నిజమే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇన్ని చేశాం కదా, మతిమరుపు రాలేదా అని అడిగితే, కొందరికి వచ్చింది. కొంత ఆలస్యంగా వచ్చిందేమో, రావాల్సినవాళ్ళకు కొందరికి రాలేదేమో. ఎవరికి ఏం తప్పించామో నేను రుజువు చూపించలేను. చూపిస్తామని చెప్పేవాళ్ళను నమ్మకండి.

గోపాల్ ఈసారి వల దాచలేదు. నన్ను పక్కకు పిలిచి, "నడక మాన్పించాలా దీదీ? దారి తప్పితే?" అన్నాడు. నేను ఆలోచిస్తుండగానే కానన్‌బాల అందుకుంది.

"ఇన్నాళ్ళూ ఆయనే ముందు నడిచాడు. ఇప్పుడూ ఆయనే ముందు. ఎటు తిరిగితే అటు పోతాం. మాకేం పని ఉంది?"

అట్లాగే నడిచారు. దాదూ ఒక్కోసారి వంతెన వైపు కాక పత్తి మిల్లు వైపు తిరిగేవాడు. అందరూ తిరిగేవాళ్ళు. ఎవరూ "అటు కాదు" అనేవాళ్ళు కాదు. కొంత దూరం పోయాక కానన్‌బాల "అబ్బ, కాళ్ళు పీకుతున్నాయి, ఇటు పోదామా?" అని అడిగేది. దాదూ పెద్ద మనసుతో సరే అనేవాడు.

నేను రిటైరయ్యే ముందు, ఒక ఆదివారం పొద్దున ఆ గుంపులో సంధ్యతో పాటు నేనూ నడిచాను. పెళ్ళిళ్ళ రోజులు, ఎండ ముదురుతుందని నడకను పొద్దుటికి మార్చారు. దాదూ వంతెన దాటి తిన్నగా పక్కన ఉన్న కన్నడం ఊరి దారి పట్టాడు. ఊరి మొదట్లో పెద్ద పెళ్ళి పందిరి, బాజాలు. దాదూ ఆగలేదు. కర్ర ఊపుకుంటూ పందిరిలోకి నడిచాడు. వెనక మేము పన్నెండుమందిమి. బాతులను మాత్రం వాకిట్లో ఆపేశారు.

పెళ్ళికూతురు వాళ్ళు మమ్మల్ని పెళ్ళికొడుకు తరఫు అనుకున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళు పెళ్ళికూతురు తరఫు అనుకున్నారు. రెండు వైపులవాళ్ళూ పోటీ పడి మర్యాదలు చేశారు. మంచినీళ్ళు, పన్నీరు, గంధం. "కూర్చోండి, కూర్చోండి" అని మొదటి పంక్తిలో విస్తళ్ళు వేశారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ, లేచి నిజం చెబుదామని పోయాను. సంధ్య నా కొంగు పట్టి లాగింది. "హోళిగ, అదేనండీ బొబ్బట్లు, వడ్డిస్తన్నారు. తిన్నాక చెబుదురుగాని."

తిన్నాం. నేను పెళ్ళికూతురు తండ్రి దగ్గరికి పోయి, చేతులు పట్టుకొని ఉన్నదంతా కన్నడంలో చెప్పాను. ఆయన ఒక నిమిషం నన్ను చూసి, దాదూను చూసి, "పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నడిచొచ్చి అక్షింతలు వేస్తే వద్దంటామా తల్లీ?" అన్నాడు. దాదూను మంటపం ఎక్కించారు. దాదూ ఆ జంట తలల మీద రెండు చేతులూ పెట్టి బెంగాలీలో చాలాసేపు దీవించాడు. ఏమన్నాడో సంధ్యకు కూడా పూర్తిగా అర్థం కాలేదట. ఎవరి పెళ్ళి అనుకున్నాడో తెలియదు. బయటికి వచ్చేటప్పుడు అందరి చేతుల్లో తాంబూలాలు. బాతులకు కూడా ఎవరో అన్నం పెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను దాదూ పక్కన నడిచాను. కాలువ గట్టు మీద రెండు దారులు చీలే చోట ఆయన ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక్కి తిరిగి, చెమటలు కక్కుకుంటూ నిలబడిపోయిన ఆ ముసలివాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూశాడు. కానన్‌బాల ఏమీ ఎరగనట్లు తాంబూలం నములుతూ ఇంటి దారి వైపు నిలబడింది. దాదూ ఆమె నిలబడ్డ వైపే కర్ర చూపించి అడుగు వేశాడు.

నాలుగడుగులు నడిచాక నా వైపు వంగి, వెనకవాళ్ళకు వినబడకుండా చెప్పాడు.

"పాపం, వీళ్ళలో ఒక్కరికీ దారి తెలియదు. నేను లేకపోతే ఏమైపోతారో."

"అవును దాదూ" అన్నాను. "మీరు నడవండి."